అమ్మ గుండె పంపింగ్ తగ్గింది, ట్రయల్‌లో చేరమంటున్నారు. చేరాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. మా అమ్మకు 54 ఏళ్లు. పోయినేడాది రొమ్ము క్యాన్సర్ బయటపడింది, హెర్2 పాజిటివ్ అన్నారు. ఆపరేషన్ అయ్యాక నాలుగుసార్లు ‘ఎర్ర మందు’ కీమో ఎక్కించారు. ఆ తర్వాత మూడు వారాలకొకటి చొప్పున ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మొదట్లో 62 ఉన్న గుండె పంపింగ్ ఆరో ఇంజెక్షన్ తర్వాత తీసిన ఎకోలో 47కి పడిపోయింది. అమ్మకు పెద్ద ఇబ్బందేమీ లేదు గానీ మెట్లెక్కితే కాస్త ఆయాసం వస్తోంది. ఇంజెక్షన్ ఆపి గుండె డాక్టర్ దగ్గరికి పంపితే ఆయన రెండు మాత్రలు రాశారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రివాళ్లు ట్రయల్‌లో చేరమంటున్నారు. ఒక గ్రూపుకి గుండె మాత్రలిస్తూ ఇంజెక్షన్ కూడా కొనసాగిస్తారట. రెండో గ్రూపుకి పంపింగ్ కోలుకున్నాకే మళ్లీ మొదలుపెడతారట. ఎవరు ఏ గ్రూపో కంప్యూటరే తేలుస్తుందట. ‘మీ అమ్మ ప్రాణాన్ని చీటీ వేసి తేలుస్తారా’ అని నాన్న కోప్పడుతున్నారు. ఖమ్మంలో ఆడపిల్లల మీద టీకా ప్రయోగం చేసిన సంగతి మర్చిపోయారా అని పెదనాన్న అంటున్నారు. గుండెకి దెబ్బని తెలిసీ అసలు ఆ మందు ఎందుకిచ్చారు? ఇదంతా వద్దు, లక్ష్మణ ఫలం ఆకుల కషాయం ఇద్దామని తమ్ముడు వీడియోలు పంపుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు:

మీరు పంపిన కాగితాలన్నీ చూశాను. ఎకో రిపోర్టుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇంట్లో అందరూ ఆ 47 చూసి సగం గుండె పోయిందనుకుంటున్నట్టున్నారు. గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎంత శాతం బయటికి వెళ్తుందో చెప్పే అంకె అది. ఏ జబ్బూ లేని మనిషికి కూడా 55 నుంచి 70 మధ్యలోనే ఉంటుంది, వంద ఎవరికీ ఉండదు.

ఆ అంకె ఎలా వస్తుందో కూడా తెలుసుకోండి. మనిషిని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, చల్లటి జెల్ రాసి, ‘ఊపిరి బిగబట్టండమ్మా’ అంటూ తెర మీద బొమ్మని ఆపుతారు. గుండె గది విప్పారినప్పుడు లోపలి అంచు వెంబడి ఒక గీత, ముడుచుకున్నప్పుడు ఇంకో గీత గీస్తారు. ఆ రెండింటి తేడా నుంచి మిషన్ లెక్కకడుతుంది. గీత కాస్త అటూ ఇటూ జరిగితే ఐదారు పాయింట్లు మారిపోతాయి. మీ అమ్మగారి మొదటి ఎకో ఒంగోలులో తీశారు, రెండోది హైదరాబాద్‌లో. 15 పాయింట్ల తగ్గుదలని మిషన్ మీదకి తోసెయ్యలేం, పంపింగ్ నిజంగానే తగ్గింది. కానీ ఇక నుంచి ప్రతి ఎకో ఒకే చోట, వీలైతే ఒకే మనిషి చేత తీయించండి. ‘స్ట్రెయిన్’ కూడా చూడమని అడగండి. గుండె కండరం ఎంత సాగి ముడుచుకుంటోందో చెప్పే కొలత అది. పంపింగ్ కంటే ముందే తేడాని పట్టిస్తుంది.

ఇక మీ ప్రశ్నల్లో గట్టిది: తెలిసీ ఎందుకిచ్చారు?

ఎర్ర మందు అసలు పేరు డాక్సోరుబిసిన్. ఇటలీలో మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఈ రకం మందులు పుట్టాయి, ఎరుపు కూడా దాన్నుంచి వచ్చిందే. ఎక్కించిన మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే రక్తం పడుతోందని జనం హడలిపోతుంటారు. క్యాన్సర్ మీద గట్టిగా పనిచేస్తుంది, గుండెనూ దెబ్బతీస్తుంది. ఇది 1970ల నుంచే తెలుసు. అప్పట్లో వేలమంది రోగుల రికార్డులు తిరగేసి చూస్తే, జీవితం మొత్తంలో ఒంట్లోకి వెళ్లిన మోతాదు పెరిగేకొద్దీ గుండె వైఫల్యం పెరుగుతోందని తేలింది. తర్వాత ఇంకా జాగ్రత్తగా చూసిన లెక్కల్లో ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి 400 మిల్లీగ్రాములు చేరేసరికి నూటికి ఐదుగురికి, 550 చేరితే నూటికి 26 మందికి గుండె దెబ్బతింది. అందుకే ఇవాళ రొమ్ము క్యాన్సర్‌కి నాలుగు డోసులతో ఆపేస్తారు. మీ అమ్మగారి డిశ్చార్జి సమ్మరీ రెండో పేజీలో మొత్తం 240 అని ఉంది చూడండి. ఆ అంకె మీ ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోండి. పదేళ్ల తర్వాత ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా అది చెప్పాలి.

ట్రాస్టుజుమాబ్ కథ వేరు. అమెరికాలో లాస్ ఏంజెలిస్ డాక్టర్ డెన్నిస్ స్లామన్ బృందం 1987లో ఒక సంగతి బయటపెట్టింది. కొందరి రొమ్ము గడ్డల్లో హెర్2 అనే జన్యువు ఒకటికి పది కాపీలుగా పేరుకుపోయి ఉంటోంది, వాళ్లలో జబ్బు తొందరగా తిరగబెడుతోంది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ కణం పైన యాంటెన్నాలా నిలబడి ‘పెరుగు, పెరుగు’ అనే సంకేతాలు అందుకుంటుంది. దాన్ని మూసేసే మందే ట్రాస్టుజుమాబ్. 1998 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ ఆ అనుమతికి ముందు జరిగిన పెద్ద ట్రయల్‌లోనే ఎవరూ ఊహించనిది కనబడింది. ఎర్ర మందు రకం ఒక్కటే తీసుకున్నవాళ్లలో నూటికి 8 మందికి గుండె పనితీరు తగ్గితే, రెండూ కలిపి తీసుకున్నవాళ్లలో 27 మందికి తగ్గింది.

క్యాన్సర్ కణం మీది ప్రోటీన్‌ని మూస్తే గుండెకేం సంబంధం? ఈ ప్రశ్న ఆసుపత్రి మంచం దగ్గర పుట్టి ల్యాబ్‌కి వెళ్లింది. నిజానికి 1995లోనే ఎలుకల్లో చూశారు: హెర్2 లేకుండా చేసిన ఎలుక పిల్లలు గుండె సరిగా ఏర్పడక తల్లి కడుపులోనే చనిపోయాయి. అది పిండం సంగతి కదా, ఎదిగిన గుండెకి ఏం పని అనుకున్నారు. 2002లో ఎదిగే గుండె కండరంలో మాత్రమే ఆ జన్యువుని తీసేసి చూస్తే ఎలుకల గుండె సాగిపోయి బలహీనపడింది. అంతేకాదు, ఆ గుండె కణాలు ఎర్ర మందు రకానికి మామూలు కణాల కంటే తేలిగ్గా లొంగిపోయాయి. అంటే హెర్2 గుండె కణానికి దెబ్బ తగిలినప్పుడు తట్టుకునే బలం ఇస్తోందన్నమాట. ఎర్ర మందు దెబ్బ కొడుతుంటే, అదే సమయంలో ట్రాస్టుజుమాబ్ ఆ బలాన్ని లాగేస్తోంది.

ఆసుపత్రిలో పద్ధతి మారింది కూడా ఈ అనుభవం వల్లే. రెండూ ఒకేసారి ఇవ్వడం మానేశారు. ముందు ఎర్ర మందు పూర్తిచేసి, ఆ తర్వాతే ట్రాస్టుజుమాబ్ మొదలుపెడతారు, సుమారు మూడు నెలలకోసారి ఎకో తీస్తారు. మీ అమ్మగారికి సరిగ్గా ఇలాగే చేశారు. మెట్లెక్కితే కాస్త ఆయాసం తప్ప ఇంకేమీ లేని మనిషిలో పంపింగ్ తగ్గుదల దొరికిందంటే ఆ మూడు నెలల ఎకో పుణ్యమే. పాతికేళ్ల కిందటైతే కాళ్లు వాచి, రాత్రిళ్లు దిండు కింద దిండు పెట్టుకుని కూర్చునే స్థితికి వచ్చాక తెలిసేది.

మరి అంత ముప్పు ఉన్నప్పుడు ఆ మందు ఇవ్వకుండా ఉండొచ్చు కదా? ఇవ్వకపోతే ఏమయ్యేదో కూడా లెక్క ఉంది. ఆపరేషన్ అయిన హెర్2 రోగులకు ఈ ఇంజెక్షన్ ఇస్తే జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గిందని 2005లో పెద్ద ట్రయల్స్ ఒకదాని వెంట ఒకటి చూపించాయి. క్యాన్సర్ మందుల్లో అంత తేడా చూపించేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తిరగబెట్టిన రొమ్ము క్యాన్సర్‌ని పూర్తిగా నయం చేయడం ఇవాళ్టికీ కష్టం. పంపింగ్ తగ్గిన గుండెని చాలావరకు వెనక్కి తేగలం. డాక్టర్లు వేసిన బేరీజు ఇది, నేనైనా అదే వేస్తాను. కాకపోతే ఈ మాట మొదటి ఇంజెక్షన్‌కి ముందు మీ అమ్మగారికి తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. మీ ఉత్తరం చదివితే ఎవరూ చెప్పలేదని అర్థమవుతోంది. ఆ విషయంలో మీ కోపం న్యాయమైనదే.

వెనక్కి తేగలం అన్నాను కదా, అదీ గాల్లో మాట కాదు. ట్రాస్టుజుమాబ్ ఒక్కదాని వల్ల తగ్గిన పంపింగ్ చాలామందిలో మందు ఆపిన కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో మెరుగవుతుంది. ఎర్ర మందు చేసిన నష్టం మొండిది. దానికి కాలం ముఖ్యం. ఇటలీలో మిలాన్ డాక్టర్ డానియేలా కార్డినాలే బృందం 2010లో 201 మంది రోగుల వివరాలు ప్రచురించింది. కీమో అయిన రెండు నెలల లోపు గుండె మాత్రలు మొదలుపెట్టినవాళ్లలో 64 శాతం మందికి పంపింగ్ కోలుకుంది. ఆరు నెలలు దాటాక మొదలుపెట్టినవాళ్లలో ఒక్కరికీ పూర్తిగా కోలుకోలేదు. వాళ్లు వాడిన మాత్రలు ఎనలాప్రిల్, కార్వెడిలాల్. మీ అమ్మగారికి రాసిన రామిప్రిల్, కార్వెడిలాల్ ఆ కుటుంబం మందులే. మీ అమ్మగారి విషయంలో ఏ మందు వాటా ఎంతో విడదీసి చెప్పలేం, కాబట్టి ఆ మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు. రామిప్రిల్‌తో పొడిదగ్గు వస్తే, కార్వెడిలాల్‌తో లేచి నిలబడగానే కళ్లు తిరిగితే డాక్టర్‌కి చెప్పి మార్పించుకోండి. ‘దగ్గొస్తోందని ఆపేశానండీ’ అనే మాట మా గదిలో వారానికోసారైనా వింటాను.

ఇప్పుడు చీటీ సంగతి. మీ నాన్నగారి కోపం నాకు అర్థమైంది. ఆయన అనుకుంటున్నది ఇది: డాక్టర్‌కి మంచి మందేదో తెలుసు, తెలిసీ సగం మందికి ఇవ్వకుండా చీటీ వేస్తున్నాడు. అలా తెలిసి ఉంటే ట్రయల్ పెట్టడమే నేరం, ట్రయల్ న్యాయంగా ఉందో లేదో చూసే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకూడదు. మీ అమ్మగారి స్థితిలో ఏది మంచిదో నిజంగా ఎవరికీ తెలియదు. ట్రాస్టుజుమాబ్ పెట్టెలో వచ్చే కాగితం ప్రకారం పంపింగ్ ఇంత తగ్గితే కనీసం నాలుగు వారాలు ఆపి మళ్లీ ఎకో చూడాలి. 2022లో వచ్చిన యూరప్ గుండె వైద్యుల మార్గదర్శకాలు మాత్రం 40 నుంచి 49 మధ్య ఉండి లక్షణాలు లేనివాళ్లలో గుండె మాత్రలు మొదలుపెట్టి, దగ్గరగా కనిపెట్టుకుంటూ ఇంజెక్షన్ కొనసాగించే ఆలోచన చేయొచ్చంటున్నాయి. రెండింటి వెనకా తర్కం ఉంది. ఆపితే గుండెకి ఊపిరి దొరుకుతుంది, క్యాన్సర్‌కీ ఖాళీ దొరుకుతుంది. కొనసాగిస్తే అటుది ఇటు.

అమెరికాలో ఇలాంటి 30 మంది రోగులకి, పంపింగ్ 40 నుంచి 49 మధ్య ఉన్నవాళ్లకే, గుండె డాక్టర్ కనుసన్నల్లో ఈ రకం ఇంజెక్షన్లు కొనసాగించి చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. 27 మంది కోర్సు పూర్తిచేశారు. ముగ్గురికి గుండె ఇబ్బంది వల్ల ఆపాల్సి వచ్చింది. ఆశ కలిగించేదే. కానీ 30 మందే, పోల్చి చూడ్డానికి రెండో గ్రూపు లేదు. అదే ఏడాది బ్రిటన్‌లో నాలుగు వేల పైచిలుకు మందితో చేసిన ట్రయల్ ఇంకో వైపు నుంచి ధైర్యం చెప్పింది. ఏడాది పాటు ఇచ్చే ఇంజెక్షన్‌ని ఆరు నెలలకే ఆపినవాళ్లలో నాలుగేళ్లకి జబ్బు లేకుండా ఉన్నవాళ్లు 89.4 శాతం, ఏడాది తీసుకున్నవాళ్లలో 89.8 శాతం. గుండె వల్ల మందు ఆపాల్సి వచ్చింది ఆరు నెలల గ్రూపులో 3 శాతం, ఏడాది గ్రూపులో 8 శాతం. ఇవాళ్టికీ చాలాచోట్ల ఏడాదే పద్ధతి, అలాగని మధ్యలో కొన్నాళ్లు ఆగినంత మాత్రాన చేతులెత్తేయాల్సిన పనీ లేదు. మీ అమ్మగారు ఏ గ్రూపులో పడినా మునిగిపోయేదేమీ లేదని నేననడానికి ఈ రెండే ఆధారం.

అనుభవజ్ఞులైన డాక్టర్లు తమకి తోచింది ఇస్తే సరిపోదా, చీటీ దేనికి అంటారా? గుండె వైద్యంలో ఈ పాఠం చాలా ఖరీదుగా నేర్చుకున్నారు. గుండెపోటు వచ్చినవాళ్లలో గుండె అడపాదడపా లయ తప్పి అదనంగా కొట్టుకుంటుంటే వాళ్లు హఠాత్తుగా చనిపోయే ముప్పు ఎక్కువని తెలుసు. అలా అదనంగా కొట్టుకోవడాన్ని అణిచేసే మాత్రలు ఉన్నాయి, ఈసీజీ చక్కగా శుభ్రపడేది. డాక్టర్లు ఏళ్ల తరబడి రాశారు, చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంది. 1989లో అమెరికాలో చీటీ పద్ధతిలో సరిపోల్చి చూస్తే, ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే ఆ మాత్రలు వేసుకున్నవాళ్లే మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ల కంటే ఎక్కువమంది చనిపోతున్నారు. ట్రయల్‌లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. చీటీ వేయకపోయి ఉంటే ఇవాళ్టికీ రాస్తూనే ఉండేవాళ్లం.

మీకు దగ్గరి ఉదాహరణ ఇంకోటి. కొలెస్ట్రాల్‌కి వాడే అటోర్వాస్టాటిన్ మాత్ర ఎర్ర మందు నుంచి గుండెని కాపాడుతుందా అని ఈ మధ్యే చూశారు. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) రోగులు 300 మందిలో రోజూ 40 మిల్లీగ్రాములు ఇస్తే పంపింగ్ గణనీయంగా తగ్గినవాళ్లు 9 శాతమే, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 22 శాతం. అది 2023 సంగతి. అంతకు ముందు ఏడాది వచ్చిన ఇంకో ట్రయల్‌లో, ఎక్కువమంది రొమ్ము క్యాన్సర్‌వాళ్లే ఉన్నచోట, అదే మాత్ర అదే మోతాదులో ఇస్తే ఏ లాభమూ కనబడలేదు. బహుశా లింఫోమాలో ఎర్ర మందు మోతాదు ఎక్కువ కాబట్టి తేడా తెలిసిందేమో. ఒకే మాత్ర, రెండు జబ్బులు, రెండు జవాబులు. మొదటి వార్త మాత్రమే చదివి ‘స్టాటిన్ వేసుకుంటే కీమో గుండెని ఏమీ చేయదట’ అని ఫార్వర్డ్ చేసేవాళ్లు ఉంటారు. మీ ఇంట్లో మాత్రం వద్దు.

పెదనాన్నగారి అనుమానానికి వద్దాం. ఆయన్ని తీసిపారేయకండి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు చనిపోయారన్న వార్తలతో గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా అప్పటికే దేశంలో అనుమతి ఉన్నదే, మంచిదే కూడా. ఘోరం ఎక్కడ జరిగిందంటే సంతకాల దగ్గర. తల్లిదండ్రులకి చెప్పకుండా ఎన్నోచోట్ల హాస్టల్ వార్డెన్లే పిల్లలందరి తరఫునా సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. మంచి టీకాకి చెడ్డపేరు తెచ్చింది ఆ సంతకాలే అని నా అభిప్రాయం.

అందువల్ల మీరు చూడాల్సింది కూడా ముందు కాగితాలే. 2019లో కేంద్రం కొత్త క్లినికల్ ట్రయల్ నిబంధనలు తెచ్చింది. అంతకు ముందు 2009 నుంచే ప్రతి ట్రయల్‌నీ సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. ట్రయల్ నంబరు అడిగి, సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. పైసా ఖర్చు లేదు. ఎవరు చేస్తున్నారు, డబ్బెవరిది, ఎంతమందిని తీసుకుంటారు, దేన్ని గెలుపుగా లెక్కేస్తారు, అన్నీ అక్కడ ఉంటాయి. నంబరు చెప్పడానికి నసిగితే అక్కడికక్కడే లేచి వచ్చేయండి.

కన్సెంట్ ఫారం, అంటే సమ్మతి పత్రం, తెలుగులో ఇమ్మనండి. అది మీ హక్కు. ఇంటికి తెచ్చుకుని చదవండి, అక్కడే కౌంటర్ దగ్గర నిలబడి పదిహేను పేజీలు చదివి సంతకం పెట్టడం ఎవరి వల్లా కాదు. సంతకం మీ అమ్మగారిది. మీది కాదు, నాన్నగారిది అసలే కాదు. ఉత్తరం మొత్తంలో అమ్మ ఏమంటున్నారో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు, గమనించారా? ముందు ఆవిడని అడగండి.

ఆ ఫారంలో నేనైతే ముందుగా వెతికేది ఇది: రెండు గ్రూపులకీ గుండె మాత్రలు ఇస్తున్నారా? పంపింగ్ తగ్గిన గుండెకి ఈ మాత్రలు మేలు చేస్తాయని తెలిసిన విషయం, దాన్ని ఏ గ్రూపుకీ ఆపకూడదు. మీరు రాసినదాన్ని బట్టి రెండో గ్రూపు సంగతి స్పష్టంగా లేదు. ఇస్తున్నారని కాగితం మీద కనబడాలి. తర్వాత, ఇంజెక్షన్ కొనసాగించే గ్రూపులో పంపింగ్ ఎంతకి పడితే ఆపేస్తారు? 40 అనో ఇంకేదో అంకె స్పష్టంగా రాసి ఉండాలి. ‘డాక్టర్ విచక్షణ మేరకు’ అని మాత్రమే ఉంటే నాకు నచ్చదు. ఎకో ఎన్ని రోజులకోసారి, గుండె డాక్టర్ టీమ్‌లో ఉన్నారా, రాత్రి పదింటికి ఆయాసం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి కూడా. హాని జరిగితే చికిత్స, పరిహారం ఎవరిస్తారో, మధ్యలో మానుకుంటే మామూలు చికిత్సకి ఇబ్బంది ఉండదని కూడా అందులో రాసి ఉండాలి. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉంటుంది, అనుమానం ఉంటే మొహమాటపడకుండా చేయండి. ఖర్చు సంగతి విడిగా అడగాలి. అదనపు ఎకోలు, రక్త పరీక్షలు, ఒంగోలు నుంచి హైదరాబాద్ రాకపోకలు ఎవరు భరిస్తారు? ఇంజెక్షన్ ఇప్పటిదాకా ఏ పథకం కింద వస్తోందో, ట్రయల్‌లో చేరితే అది ఆగదు కదా? ట్రయల్‌లో చేరడానికి ఎవరైనా డబ్బు కట్టమంటే అది ట్రయల్ కాదు.

ఒక్క విషయం దాచకండి. మెట్లెక్కితే ఆయాసం అని నాకు రాశారు, కానీ ఆసుపత్రి కాగితాల్లో ‘ఇబ్బందులేమీ లేవు’ అని ఉంది. ఆ ఆయాసం గుండెదే కావచ్చు, కీమో తర్వాత రక్తం తక్కువై కావచ్చు. మీ రిపోర్టుల్లో ఆఖరి హిమోగ్లోబిన్ 9.4 ఉంది. గుండెదే అయితే ఇంజెక్షన్ కొనసాగించే గ్రూపు ఆవిడకి తగకపోవచ్చు. చేర్చుకోరేమోనని చెప్పకుండా ఊరుకుంటే నష్టపోయేది ఆవిడే.

ఇవన్నీ సరిగ్గా ఉంటే, నా సలహా చేరమనే. మనవాళ్లం సాధారణంగా ట్రయల్ అంటే ఏ వైద్యమూ పనిచేయనప్పుడు ఆఖరి ఆశగా చూస్తాం. ఇది అలాంటిది కాదు, ఇప్పటికే తెలిసిన మందుల్ని ఏ వరసలో ఇవ్వాలనే ప్రశ్న. పైగా ట్రయల్‌లో ఉన్న రోగికి ఎకో తేదీ మర్చిపోయే అవకాశం ఉండదు, వాళ్లే ఫోన్ చేసి పిలుస్తారు. కాగితం సరిగ్గా లేకపోయినా, అమ్మగారికి ఇష్టం లేకపోయినా మానేయండి, ఏమీ కోల్పోరు. మీ పాత డాక్టరే నాలుగు వారాల తర్వాత ఎకో చూసి నిర్ణయం తీసుకుంటారు.

తమ్ముడు పంపిన వీడియోలు. లక్ష్మణ ఫలం ఆకుల సారం గాజు గిన్నెలో క్యాన్సర్ కణాల్ని చంపిన మాట నిజమే. గాజు గిన్నెలో కణాల్ని చంపేవి చాలా ఉన్నాయి, ఉప్పు ఎక్కువ పోసినా చస్తాయి. మనిషి ఒంట్లో, మిగతా కణాల్ని వదిలేసి, సరిపడా మోతాదులో గడ్డ దాకా చేరాలి కదా. అన్ని పరీక్షలూ దాటి మనుషుల మీద ట్రయల్ దాకా వచ్చిన మందుల్లోనే చివరికి అనుమతి దొరికేవి నూటికి పది లోపు. క్యాన్సర్ మందుల్లో ఇంకా తక్కువ. ఆకుల సారం ఆ దారిలో మొదటి మెట్టు దగ్గరే ఉంది. ఇంకో సంగతి కూడా తమ్ముడికి చెప్పండి. కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో పార్కిన్సన్స్‌ని పోలిన, మామూలు మందులకి లొంగని వణుకుడు జబ్బు అసాధారణంగా ఎక్కువగా కనబడింది. ఈ పండూ, ఆకుల కషాయమూ ఏళ్ల తరబడి తాగినవాళ్లతో దానికి సంబంధం ఉండొచ్చని 1999లోనే డాక్టర్లు రాశారు. ఎప్పుడైనా ఒక పండు తింటే ఏమీ కాదు. రోజూ కషాయం వద్దు.

‘ప్రకృతిలోది కదా, హాని చేయదులే’ అంటాడేమో. ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ యాసిడ్ కంటే సాధువైనది ఏముంటుంది? 1940లలో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకి ఫోలిక్ యాసిడ్ రకం పదార్థాలు ఇస్తే, జబ్బు ఇంకా వేగం అందుకున్నట్టు కనబడింది. ఆయన దాన్ని తిరగేసి ఆలోచించాడు: పెంచేది అదైతే, దాన్ని అడ్డుకునేది కావాలి. అలాంటి పదార్థాన్ని అందించింది న్యూయార్క్ దగ్గరి లెడర్లీ ల్యాబ్‌లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. దాని పేరు అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ 16 మంది పిల్లల ఫలితాలు ప్రచురించాడు. పది మందికి తాత్కాలికంగానే అయినా మెరుగు కనబడింది. రక్త క్యాన్సర్ మందుకి లొంగుతుందని అప్పటిదాకా ఎవరూ పెద్దగా నమ్మలేదు. సుబ్బారావు గారు ఆ ఆగస్టులోనే పోయారు. ఆ మందుకి చెల్లెలు లాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల రక్త క్యాన్సర్‌లో వాడుతున్నాం. తమ్ముడికి క్యాన్సర్ గురించి వీడియో ఏదైనా పంపాలనుంటే దీని మీద పంపమనండి.

ట్రయల్ తేలేలోపు ఇంట్లో చూసుకోవాల్సినవి. రోజూ పొద్దున పాచిముఖానే బరువు చూసి నోట్‌బుక్‌లో రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు, అవి ఒంట్లో నీటిని పట్టి ఉంచి గుండెకి భారం పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఊరగాయలు, అప్పడాలు తగ్గించండి. నడక మాన్పించొద్దు, ఆయాసం రానంత మేరకు రోజూ నడవాలి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందకపోయినా, రాత్రి నిద్రలోంచి ఆయాసంతో లేచి కూర్చున్నా, పాదాలు నొక్కితే గుంట పడినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఆ పూటే ఒంగోలులోనే గుండె డాక్టర్‌కి చూపించి, తర్వాత హైదరాబాద్‌కి ఫోన్ చేయండి.